కింగ్ ఆలివర్ బ్యాండ్‌లో ఎవరు ఎక్కడ నేర్చుకున్నారు? 1923 రికార్డులు వినేవాళ్ళకి కొంచెం పెద్ద జవాబు

మీరు అడిగింది రెండు ముక్కలు. పాత న్యూ ఆర్లియన్స్ జాజ్ వాళ్ళు సంగీతం నేర్చుకోకుండా, నోట్స్ చదవడం రాకుండా, ఉత్త చెవితో వాయించారంటారు కదా, మరి 1923 నాటి కింగ్ ఆలివర్ క్రియోల్ జాజ్ బ్యాండ్ రికార్డుల్లో ఏడుగురూ ఒకేసారి వాయిస్తున్నా ఒకరి మీద ఒకరు పడకుండా అంత కుదురుగా ఎలా వచ్చింది అన్నది ఒకటి. ఆ ఏడుగురి నేపథ్యం ఏంటి, ఏ రికార్డుతో మొదలుపెట్టాలి అన్నది రెండోది. నేను క్లారినెట్ వాయిస్తాను, ఈ రికార్డులు చాలా ఏళ్ళుగా వింటున్నా, వీటి మీద నాకు గట్టి అభిప్రాయాలే ఉన్నాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఆ "నేర్చుకోకుండా" అన్న మాట పక్కన పెట్టేయండి, అది నిజం కాదు. ఏడుగురూ నేర్చుకున్నవాళ్ళే, కాకపోతే ఒకే చోట కాదు, ఒకే పని కోసం కాదు. ఒకాయన ఊరేగింపు బ్యాండ్లలో, ఒకాయన పిల్లల జువెనైల్ హోమ్‌లో, ఒకాయన నది మీద తిరిగే స్టీమర్‌లో, ఒకావిడ చర్చిలో, కాలేజీలో, ఒకాయన ఊరూరా తిరిగే వాడవిల్ స్టేజీ షోల మీద. నోట్స్ వచ్చా రాదా అని మాత్రమే అడిగితే సగం జవాబే దొరుకుతుంది, ఈ మనిషి బ్యాండ్‌లో ఏ పని చెయ్యడం నేర్చుకుని వచ్చాడు అని అడగండి, రికార్డులో వినబడేది చాలా వరకు విడిపోతుంది.

మనుషులు వీళ్ళు. కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న ఇత్తడి వాయిద్యం) జో ఆలివర్, ఆయనే లీడర్, అందరూ కింగ్ అనేవాళ్ళు. రెండో కార్నెట్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. క్లారినెట్ జానీ డాడ్స్, ఆయన తమ్ముడు వారెన్ డాడ్స్ డ్రమ్స్, ఇతన్ని బేబీ డాడ్స్ అనేవాళ్ళు. ట్రాంబోన్ (గొట్టం జరుపుతూ ఊదే పెద్ద వాయిద్యం) ఒనోరే డ్యూట్రీ. పియానో లిల్ హార్డిన్. బాంజో బిల్ జాన్సన్, నిజానికి ఆయన బేస్ వాయించే మనిషి, బాంజో ఎందుకు పట్టుకున్నాడో తర్వాత చెప్తా. షికాగో సౌత్ సైడ్‌లో లింకన్ గార్డెన్స్ అనే డ్యాన్స్ హాల్లో వాయించేవాళ్ళు, 1923 ఏప్రిల్ 5, 6 తేదీల్లో ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్ వెళ్ళి జెనెట్ కంపెనీకి తొమ్మిది పాటలు రికార్డు చేశారు. అదే ఈ బ్యాండ్ మొదటి రికార్డింగు, ఆర్మ్‌స్ట్రాంగ్‌కి కూడా జీవితంలో అదే మొదటిది.

న్యూ ఆర్లియన్స్ సంగతి కొంచెం తెలియకపోతే ఇదంతా గాల్లో ఉన్నట్టుంటుంది. ఆ ఊళ్ళో కెనాల్ స్ట్రీట్‌కి అటు డౌన్‌టౌన్, ఇటు అప్‌టౌన్. డౌన్‌టౌన్‌లో ఫ్రెంచ్ మాట్లాడే క్రియోల్ కుటుంబాలు, అంటే తెల్ల, నల్ల జాతులు కలిసినవాళ్ళు, వాళ్ళల్లో సంగీతం తరాల నుంచి వస్తున్న విద్య, పిల్లాడికి వాయిద్యం చేతికివ్వకముందే సొల్ఫేజ్, అంటే స్వరాలు చూసి పాడటం, నేర్పించేవాళ్ళు. అప్‌టౌన్‌లో ఇంగ్లీష్ మాట్లాడే నల్లజాతి వాళ్ళు, ఎక్కువ మంది తోటల పల్లెల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు, వాళ్ళ సంగీతం చర్చి పాట, బ్లూస్, వీధి బ్యాండ్. 1890లో రైళ్ళల్లో తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ వేరే పెట్టెల చట్టం వచ్చింది, దాన్ని 1896లో ప్లెసీ కేసులో సుప్రీం కోర్టు సరే అనేసింది. దాంతో అప్పటిదాకా కొంచెం ఎడంగా, కొంచెం మెరుగ్గా బతికిన క్రియోల్స్‌ని కూడా చట్టం నల్లవాళ్ళ లెక్కలోకే తోసేసింది, పనుల కోసం ఇద్దరూ ఒకే వీధుల్లో, ఒకే బ్యాండ్లలో తగలడం ఎక్కువైంది. జాజ్ అంతా ఈ ఒక్క కారణంతోనే పుట్టిందంటే నేను ఒప్పుకోను, అది మరీ సులువైన లెక్క, అప్‌టౌన్‌లో దానికి ముందే చాలా జరుగుతోంది. కానీ ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్న విషయంలో మాత్రం ఈ కలయికకి చాలా విలువుంది.

అందుకు మంచి ఉదాహరణ జానీ డాడ్స్. నాకు ఇష్టమైన మనిషి కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతా. 1892లో పుట్టాడు, క్రియోల్ కాదు. ఇంట్లో సంగీతం ఉంది, తండ్రి ఫిడేలు వాయించేవాడు, ఇంటిల్లిపాదీ కూర్చుని హిమ్స్, అంటే చర్చి పాటలు, పాడుకునేవాళ్ళు, జానీది అందులో పై గొంతు. క్లారినెట్ చేతికొచ్చింది మాత్రం ఆలస్యంగా, టీనేజీ చివర్లో. తర్వాత డౌన్‌టౌన్ క్రియోల్ అయిన లొరెంజో టియో జూనియర్ దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు, టియో దాదాపు ఇతని ఈడువాడే. ఈ టియోలు ఊళ్ళో పెద్ద క్లారినెట్ కుటుంబం, టియో తండ్రి, పెదనాన్న వరస వాళ్ళు మెక్సికోలో పుట్టి న్యూ ఆర్లియన్స్‌కి తిరిగొచ్చినవాళ్ళు, జిమ్మీ నూన్, ఒమర్ సిమియన్, బార్నీ బిగార్డ్, ఆల్బర్ట్ నికొలస్ లాంటి వాళ్ళంతా ఆ ఇంటి శిష్యులే. వాళ్ళందరినీ వినండి, మెత్తగా, నున్నగా, పై నుంచి కింద దాకా ఒకే నిండుతనంతో ఉంటుంది నాదం. జానీ డాడ్స్‌ని వినండి, వేళ్ళ తీరు, పరుగులు, కార్డ్ (ఒకేసారి కలిపి మోగే స్వరాల గుత్తి) చుట్టూ తిరిగే పద్ధతి అంతా టియో బడిదే, కానీ నాదం వేరు. గొంతు పెట్టి పాడినట్టు కొంచెం బొంగురు, స్వరాన్ని కింద నుంచి లాగి పైకి తీసుకెళ్ళడం, కావాలనే కొంచెం శృతికి అటూ ఇటూ ఊపడం. పాఠం డౌన్‌టౌన్‌ది, గొంతు అప్‌టౌన్‌ది. చాలామంది ఆయన్ని మొరటు అంటారు, నాకు అది చాలా అన్యాయంగా అనిపిస్తుంది, ఎందుకంటే అంత కష్టమైన పాసేజీలు వాయించగలిగినవాడికి నున్నగా వాయించడం చేతకాక కాదు, అలా వద్దనుకున్నాడు కాబట్టి.

దీనికి రుజువు 1923 జూన్‌లో ఓకే రికార్డ్స్‌కి వాయించిన హై సొసైటీ. అది పోర్టర్ స్టీల్ అనే ఆయన 1901లో రాసిన మార్చ్, అంటే కవాతు పాట. దాని బ్యాండ్ అరేంజ్‌మెంట్‌లో పికొలో (చిన్న ఫ్లూట్) మీద వాయించాల్సిన వేగమైన వరస ఒకటి ఉంది, దాన్ని న్యూ ఆర్లియన్స్‌లో ఆల్ఫాన్స్ పికూ అనే క్రియోల్ క్లారినెటిస్టు క్లారినెట్ మీదికి తెచ్చాడని అందరూ చెప్తారు. అక్కణ్ణుంచి ఆ ఊళ్ళో ఏ క్లారినెట్ కుర్రాడైనా బ్యాండ్‌లో చేరాలంటే ముందు ఆ వరస వాయించి చూపించాల్సిందే, పరీక్ష లాంటిదైపోయింది. డాడ్స్ దాన్ని రికార్డులో దర్జాగా వాయించేస్తాడు. ఒక రాసిన మార్చ్‌లో రాసిన వరస, దాన్ని చెవిన పట్టి తరం నుంచి తరానికి అందించుకోవడం, ఇప్పుడు దీన్ని రాతలో లెక్కేస్తారా చెవిలో లెక్కేస్తారా చెప్పండి? అందుకే ఆ ప్రశ్నే సరిగ్గా అతకదు అంటున్నా.

ఇక ఆలివర్. లూసియానాలోనే పుట్టాడు, ముందు ట్రాంబోన్ పట్టి తర్వాత కార్నెట్‌కి మారాడు, పగలు ఇళ్ళల్లో బట్లర్ పని చేస్తూ, ఊరేగింపులకీ శవయాత్రలకీ బ్రాస్ బ్యాండ్లలో వాయిస్తూ పైకొచ్చాడు. ఆన్‌వర్డ్ బ్రాస్ బ్యాండ్‌లో ఉన్నాడు, అది మాన్యుయెల్ పెరెజ్ అనే క్రియోల్ కార్నెటిస్టు నడిపిన బ్యాండు, మంచి క్రమశిక్షణ ఉన్నది, రాసిన మార్చ్‌లు వాయించేది. బ్రాస్ బ్యాండ్‌లో నేర్చుకునే మొదటి పాఠం ఏంటంటే లీడ్ కార్నెట్ పాటని చెదరగొట్టకూడదు. వీధిలో నడుస్తూ వాయించేటప్పుడు మిగతావాళ్ళంతా ఆ పాటని పట్టుకుని నడుస్తారు, అది తప్పితే అందరూ తప్పుతారు. ఆలివర్ రికార్డుల్లో ఇదే కనిపిస్తుంది, ఎక్కడా హడావిడి చెయ్యడు, మధ్య స్థాయిలో ఉండి, తక్కువ స్వరాలతో, బీట్‌ని మాత్రం లోపల్నుంచి తోస్తూ ఉంటాడు. లీడర్ కదా ఇంకా ఎక్కువ వాయించొచ్చుగా అని కొత్తగా వినేవాళ్ళు అంటారు, అలా వాయించకపోవడమే ఆయన చదువు.

ఆయన రెండో చదువు బ్లూస్, మ్యూట్లు. కప్పులు, గ్లాసులు, ప్లంజర్ రబ్బరు, దొరికినదల్లా కార్నెట్ నోటికి అడ్డం పెట్టి మనిషి మాట్లాడినట్టు, ఏడ్చినట్టు పలికించేవాడు. ఇది ఏ బ్రాస్ బ్యాండ్ పుస్తకంలోనూ లేదు, రాత్రి పూట డ్యాన్స్ హాళ్ళల్లో జనాన్ని కట్టిపడెయ్యడానికి తయారుచేసుకున్న విద్య. డిప్పర్‌మౌత్ బ్లూస్‌లో మూడు కోరస్‌ల (కోరస్ అంటే పాట వరస మొత్తం ఒకసారి) మ్యూట్ సోలో వింటే తెలుస్తుంది. ఆ సోలోని తర్వాతి వాళ్ళు ఎంతమంది అక్షరం పొల్లుపోకుండా నేర్చుకున్నారో లెక్కలేదు, 1925లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండ్ అదే పాటని షుగర్ ఫుట్ స్టాంప్ అని రికార్డు చేసినప్పుడు అందులో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా తన సొంతం వాయించకుండా గురువుగారి సోలోనే వాయించాడు.

ఆర్మ్‌స్ట్రాంగ్ గురించి అందరికీ కొంత తెలుసు కాబట్టి ఆయన ఎక్కడెక్కడ నేర్చుకున్నాడన్నదే చెప్తా, ఎందుకంటే ఆయన ఒక్కడే మూడు నాలుగు బడులు తిరిగాడు. 1901లో పుట్టాడు. చిన్నప్పుడు కుర్రాళ్ళతో కలిసి వీధుల్లో నలుగురి జట్టుగా పాటలు పాడి చిల్లర సంపాదించేవాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ అక్కడే అసలు కీలకం ఉంది, ఆ వీధి క్వార్టెట్‌లో ఒకడు పాట పట్టుకుంటే పక్కవాడు అప్పటికప్పుడు దానికి సరిపడే రెండో గొంతు వెతుక్కోవాలి, నోట్స్ ఎవరూ రాసివ్వరు. 1912 డిసెంబర్ 31 రాత్రి వీధిలో పిస్తోలు పేల్చినందుకు పట్టుకెళ్ళి కలర్డ్ వెయిఫ్స్ హోమ్ అనే నల్లజాతి పిల్లల జువెనైల్ హోమ్‌లో పడేశారు, అక్కడ పీటర్ డేవిస్ అనే ఆయన బ్యాండ్ నేర్పేవాడు. టాంబరిన్‌తో మొదలుపెట్టి, ఆల్టో హార్న్, బ్యూగిల్, చివరికి కార్నెట్. ఆల్టో హార్న్ దగ్గర కొంచెం ఆగండి, బ్రాస్ బ్యాండ్‌లో ఆ వాయిద్యానికి పాట ఉండదు, లోపలి స్వరాలు, కార్డ్‌ని నింపే స్వరాలు ఉంటాయి. అంటే వీధిలో పాడిన రెండో గొంతే మళ్ళీ వాయిద్యం మీదకి వచ్చింది.

బయటికొచ్చాక బొగ్గు బండి తోలుతూ, ఆలివర్ ఇంట్లో చిన్నాచితకా పనులు చేసిపెడుతూ ఆయన దగ్గర పాఠాలు నేర్చుకున్నాడు, ఆలివర్ తన పాత కార్నెట్ ఒకటి ఇచ్చాడు కూడా, ఆయన్ని జీవితాంతం పాపా జో అనే పిలిచాడు. 1918లో ఆలివర్ షికాగో వెళ్ళిపోతే ట్రాంబోన్ వాయించే కిడ్ ఓరీ బ్యాండ్‌లో ఆ ఖాళీ ఈ కుర్రాడికే దొరికింది. ఓరీ బ్యాండ్ ఎక్కువగా చెవితోనే వాయించేది. గమనించండి, ఆలివర్, జానీ డాడ్స్, ఆర్మ్‌స్ట్రాంగ్ ముగ్గురూ ఏదో ఒక సమయంలో ఓరీ దగ్గర పనిచేసినవాళ్ళే, కాబట్టి షికాగోలో కలిసేటప్పటికే ఈ ముగ్గురికీ ఒకే రకం వాయింపు ఒంటబట్టి ఉంది. ఓరీ మాత్రం 1919లో కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు, అందుకే ఈ బ్యాండ్‌లో లేడు.

తర్వాతది స్టీమర్ బడి, ఇది బేబీ డాడ్స్‌కి కూడా వర్తిస్తుంది కాబట్టి ఇద్దరికీ కలిపి చెప్తున్నా. మిసిసిపీ నది మీద స్ట్రెక్‌ఫస్ కంపెనీ విహార నౌకలు నడిపేది, వాటిల్లో డ్యాన్స్ బ్యాండ్ లీడర్ ఫేట్ మరాబుల్, చాలా స్ట్రిక్ట్ మనిషి. ఎవరైనా మరాబుల్ బ్యాండ్‌లో చేరితే న్యూ ఆర్లియన్స్ వాళ్ళు సంగీతం కాలేజీలో చేరాడు అనేవాళ్ళు. రోజూ రిహార్సల్, కొత్త కొత్త పాటల ప్రింట్ అరేంజ్‌మెంట్లు, చూసి వాయించాల్సిందే. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి అప్పటికి చదవడం అంతంతమాత్రం, ఆ బ్యాండ్‌లోనే మెలోఫోన్ అనే ఇత్తడి వాయిద్యం వాయించే డేవిడ్ జోన్స్ అనే ఆయన ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చోబెట్టి నేర్పాడు. 1921లో దిగిపోయేనాటికి ఇద్దరూ గట్టి డ్యాన్స్ బ్యాండ్ మనుషులు. కాబట్టి 1922 ఆగస్టులో ఆలివర్ టెలిగ్రాం మీద షికాగో రైలెక్కిన ఆర్మ్‌స్ట్రాంగ్‌ని ఏమీ రాని పల్లెటూరి మేధావిలా చూపించే రాతలు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ పీటర్ డేవిస్, ఆ డేవిడ్ జోన్స్ పడ్డ కష్టమంతా ఏమైపోయినట్టు?

బేబీ డాడ్స్ కథ ఇంకా మొదటి నుంచి చెప్పాలి. 1898లో పుట్టాడు. అన్నకి తండ్రి క్లారినెట్ కొనిచ్చాడు గానీ ఇతనికి డ్రమ్స్ కొనలేదు, ఇంట్లో గోల అని. పంది కొవ్వు డబ్బాకి బొక్కలు కొట్టి, కుర్చీ కాళ్ళ మధ్య ఉండే పుల్లలు పీకి వాటితో వాయించేవాడట, తనే చెప్పాడు. తర్వాత ఫ్యాక్టరీలో పని చేసి ఆ డబ్బుతో డ్రమ్స్ ఒక్కొక్కటిగా కొనుక్కుని, డేవ్ పెర్కిన్స్ దగ్గర పాఠాలకెళ్ళాడు, వాల్టర్ బ్రండీ దగ్గర నోట్స్ చదవడం నేర్చుకున్నాడు. డ్రమ్స్‌కి నోట్స్ ఎందుకు అనకండి, మార్చ్ రోల్స్ అన్నీ రాతలో ఉన్నవే, వీధి ఊరేగింపుల్లో స్నేర్ డ్రమ్ పట్టినవాడికి అవి కంఠతా రావాలి. ఆయన గొప్పతనం ఏంటంటే ఆ రోల్స్‌ని డ్యాన్స్ హాల్‌కి తెచ్చి, క్లారినెట్ వాయించేటప్పుడు ఒక శబ్దం, ట్రాంబోన్ ముందుకొచ్చినప్పుడు ఇంకో శబ్దం, ఇలా మనిషిని బట్టి రంగు మార్చేవాడు. బాధ ఏంటంటే 1923 రికార్డుల్లో ఇది దాదాపు వినబడదు, కారణం కింద చెప్తా.

లిల్ హార్డిన్ దగ్గరికొస్తే ఆవిడ న్యూ ఆర్లియన్స్ మనిషే కాదు. 1898లో మెంఫిస్‌లో పుట్టింది, చిన్నప్పుడే సండే స్కూల్లో ఆర్గన్ వాయించింది, పద్ధతిగా పియానో పాఠాలు, తర్వాత నాష్‌విల్‌లో ఫిస్క్ యూనివర్సిటీలో చదువు. వాళ్ళమ్మకి బ్లూస్ అంటే అసహ్యం, ఇంట్లో ఆ మాట ఎత్తనిచ్చేది కాదు. 1918లో కుటుంబం షికాగో వచ్చింది, లిల్ సౌత్ స్టేట్ స్ట్రీట్‌లో జోన్స్ మ్యూజిక్ స్టోర్‌లో ఉద్యోగంలో చేరింది, వారానికి 3 డాలర్లు, పని ఏంటంటే షాపులో అమ్మే పాటల షీట్లు కొనేవాళ్ళకి వాయించి వినిపించడం. అంటే ఏ షీట్ ముందు పెడితే అది టకటకా చదివి వాయించాలి. అక్కడికే ఒకరోజు న్యూ ఆర్లియన్స్ పియానో మనిషి జెల్లీ రోల్ మార్టన్ వచ్చి పియానో ముందు కూర్చుని షాపంతా దద్దరిల్లేలా వాయించాడు, అప్పట్నుంచి తను కూడా గట్టిగా, బరువుగా వాయించడం మొదలుపెట్టానని ఆవిడే చెప్పింది.

ఆ షాపు నుంచే న్యూ ఆర్లియన్స్ బ్యాండ్‌కి పిలుపొచ్చింది, ఆలివర్ బ్యాండ్‌కి ముందు లారెన్స్ డ్యూహే బ్యాండ్ అది, వారానికి 27 డాలర్ల 50 సెంట్లు. మొదటి రోజు వెళ్ళి షీట్లు ఎక్కడ అని అడిగితే అవేమీ లేవన్నారు, పోనీ ఏ కీలో వాయిస్తారు అంటే అది కూడా చెప్పకుండా, రెండు సార్లు కొట్టిన చప్పుడు వినగానే మొదలెట్టెయ్ అన్నారు. ఆవిడ మొదలెట్టేసింది, ఒక క్షణంలో కార్డ్స్ పట్టేసింది, ఉద్యోగం ఖాయం. ఇంట్లో మాత్రం డ్యాన్స్ స్కూల్లో వాయిస్తున్నానని చెప్పింది. ఈ సంఘటనని చాలామంది చదువుకున్నావిడ చదువురాని వాళ్ళ మధ్య ఇరుక్కుపోయినట్టు చెప్తారు, నాకు అలా అనిపించదు. హార్మనీ పాఠాలు బాగా వంటబట్టిన మనిషి కాబట్టే చెవితో అంత త్వరగా పట్టుకోగలిగింది, ఆ పక్క వాళ్ళకి కూడా కార్డ్స్ ఒక కట్టుబాటు ప్రకారం వెళ్ళేవి కాబట్టే ఆవిడకి దొరికాయి.

ఆలివర్ దగ్గర ఆవిడ పని బార్‌కి (తాళంలో ఒక చిన్న ఆవర్తం) నాలుగు కార్డ్‌లు గట్టిగా కొట్టడం, అంతే. చెయ్యి దురద పుట్టి పియానో మీద ఎప్పుడైనా పైకీ కిందకీ పరుగులు తీస్తే ఆలివర్ వెనక్కి తిరిగి చూసి, బ్యాండ్‌లో క్లారినెట్ ఉంది కదా అనేవాడట. ఈ ఒక్క మాటలో మీ మొదటి ప్రశ్నకి జవాబు ఉంది. పరుగులు క్లారినెట్ పని, పాట కార్నెట్ పని, కింద నుంచి కలిపేది ట్రాంబోన్, నేల లాంటి బీటు పియానో బాంజో డ్రమ్స్. ఒకరి పనిలోకి ఇంకొకరు రారు. ఏడుగురు ఒకేసారి వాయిస్తున్నా గుద్దుకోకపోవడానికి కారణం ఈ పనుల పంపకం, అది బ్రాస్ బ్యాండ్ నుంచి, రాగ్‌టైమ్ అరేంజ్‌మెంట్ల నుంచి వచ్చింది. లిల్ తర్వాత కాలంలో కూడా చదువు ఆపలేదు, న్యూయార్క్ వెళ్ళి 1929లో మళ్ళీ సంగీతంలో డిప్లమా తెచ్చుకుంది. 1924 ఫిబ్రవరిలో ఆర్మ్‌స్ట్రాంగ్‌ని పెళ్ళి చేసుకున్నది ఈవిడే, ఆలివర్ కింద రెండోవాడిగా ఉండిపోకు అని వెంటపడి బయటికి లాగింది కూడా ఈవిడే, ఈవిడ లేకపోతే ఆర్మ్‌స్ట్రాంగ్ కథ ఇంకోలా ఉండేదని నా గట్టి నమ్మకం.

ఒనోరే డ్యూట్రీ గురించి తక్కువ మాట్లాడతారు, అది అన్యాయం. సంగీతం ఉన్న ఇంట్లోంచే వచ్చాడు, అన్నదమ్ముల్లో సామ్ క్లారినెట్, పీట్ ఫిడేలు. మొదటి ప్రపంచ యుద్ధంలో నేవీలో చేరి ఓడలో మందుగుండు గదిలో ప్రమాదం జరిగి ఊపిరితిత్తులు పాడైపోయాయి, ఆ తర్వాత మందు స్ప్రే పీల్చుకుంటే తప్ప వాయించలేకపోయేవాడు. ఆ స్థితిలో ట్రాంబోన్! ఆయన పద్ధతి మిగతా న్యూ ఆర్లియన్స్ ట్రాంబోన్ వాళ్ళలా జారుడు, గర్జన కాదు. ప్రింట్ అరేంజ్‌మెంట్లలో ఉండే చెల్లో పార్ట్ తీసుకుని దాన్ని ట్రాంబోన్ మీద వాయించేవాడని బేబీ డాడ్స్ చెప్పాడు. నెమ్మదిగా, పొడుగు స్వరాలతో, కార్నెట్ల కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది. ఆ ఒక్క మాట తెలిశాక మళ్ళీ వినండి, ఎక్కడ ఉన్నాడో ఇట్టే దొరుకుతాడు.

బిల్ జాన్సన్ అందరికన్నా పెద్దవాడు, 1870ల మనిషి, ఆలివర్ కన్నా పెద్ద. గిటార్‌తో మొదలుపెట్టి బేస్‌కి వచ్చాడు, విల్లు పక్కన పెట్టి వేళ్ళతో లాగి కొట్టే బేస్‌కి మొదటి తరం మనిషి. ఆయన ఒరిజినల్ క్రియోల్ ఆర్కెస్ట్రా 1914 నుంచి 1918 దాకా వాడవిల్ స్టేజీల మీద అమెరికా అంతా తిరిగింది, అంటే 1917లో ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాస్ బ్యాండ్ తెల్లవాళ్ళు న్యూయార్క్‌లో మొదటి జాజ్ రికార్డు చెయ్యకముందే ఈ సంగీతం దేశమంతా వినిపించినవాళ్ళలో జాన్సన్ ఒకడు. ఆలివర్‌ని షికాగో పిలిపించినవాడు కూడా ఈయనే. బ్యాండ్ పేరులో క్రియోల్ అన్న మాట కూడా ఆ పాత పేరు ప్రఖ్యాతుల నుంచి వచ్చిందే, ఎందుకంటే ఆలివర్, ఆర్మ్‌స్ట్రాంగ్, డాడ్స్ అన్నదమ్ములు ఎవరూ క్రియోల్స్ కారు.

ఇప్పుడు రికార్డింగు సంగతి, ఇది తెలియకపోతే పైన చెప్పింది ఏదీ చెవికి దొరకదు. 1923లో ఈ రికార్డింగులకి మైక్రోఫోన్ వాడలేదు. ఒక పెద్ద కొమ్ము గొట్టం, దాని చివర సూది, ఎదురుగా నిలబడి వాయిస్తే ఆ గాలి ఒత్తిడికే సూది మైనం మీద గీత గీస్తుంది. బేస్ డ్రమ్, స్నేర్ డ్రమ్ కొడితే సూది ఎగిరిపోతుంది, అందుకే బేబీ డాడ్స్ చేత ఎక్కువగా వుడ్‌బ్లాక్, అంటే చెక్క దిమ్మ, మాత్రమే వాయించారు, ఆ టకటకలు వినబడతాయి చూడండి. స్ట్రింగ్ బేస్ కూడా సరిగ్గా పడదు, అందుకే జాన్సన్ బాంజో పట్టుకున్నాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ నాదం మరీ పెద్దది, ఆలివర్‌ని ముంచేస్తోందని అతన్ని వెనక్కి దూరంగా నిలబెట్టారని లిల్ చెప్పింది. పైగా జెనెట్ స్టూడియో పియానో ఫ్యాక్టరీ పక్కన, రైలు పట్టాల దగ్గర, రైలొస్తే ఆపెయ్యాల్సిందే. కాబట్టి మీరు వినేది లింకన్ గార్డెన్స్‌లో డ్యాన్స్ చేసేవాళ్ళు విన్న శబ్దం కాదు, దాంట్లో కొంత భాగం.

మిగిలింది రెండు కార్నెట్ల బ్రేకులు. బ్యాండంతా ఆగి రెండు బార్లు ఆలివర్, ఆర్మ్‌స్ట్రాంగ్ మాత్రమే కలిసి హార్మనీలో ఒక ముక్క వాయిస్తారు, అది ముందుగా రాసుకున్నది కాదు, రాత్రికో రకం. అప్పట్లో వినడానికొచ్చిన మ్యుజీషియన్లకి ఇది అంతు పట్టేది కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ తర్వాత గుట్టు చెప్పాడు, బ్రేక్ రాకముందు బ్యాండ్ వాయిస్తుండగానే ఆలివర్ రాబోయే ముక్కని సూచనగా వినిపించేవాడు, వేళ్ళతో వాల్వుల మీద చూపించేవాడు, ఇతను దాన్ని పట్టి అప్పటికప్పుడు రెండో గొంతు తయారుచేసుకునేవాడు. మన కచేరీలో వయొలిన్ విద్వాంసుడు పాడేవారి సంగతిని ఒక క్షణం వెనక నీడలా పట్టుకుంటాడు కదా, ఇక్కడ ఆ ఒక్క క్షణం ఆలస్యం కూడా లేదు, ఇద్దరూ ఒకేసారి, అదీ వేరే వేరే స్వరాల్లో. ఆ పని ఆర్మ్‌స్ట్రాంగ్‌కి ఎలా వచ్చింది అంటే వీధి క్వార్టెట్‌లో రెండో గొంతు, హోమ్‌లో ఆల్టో హార్న్, ఆలివర్ ఇంట్లో పాఠాలు, ఈ మూడూ కలిసి వచ్చింది. నోట్స్ చదవడం దానికి అక్కర్లేదు, కానీ నేర్చుకోకుండా రాదు.

ఈ మనుషులు కలిసి ఉన్నది చాలా కొద్ది కాలం. రికార్డుల డబ్బు చెక్కులు చూపించమని డాడ్స్ అన్నదమ్ములు, డ్యూట్రీ అడిగారు, ఆలివర్ చూపించలేదు, అక్కడ విడిపోయారు అని లిల్ చెప్పింది. 1924లో ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా వెళ్ళిపోయాడు. 1925 నవంబర్‌లో హాట్ ఫైవ్ పేరుతో రికార్డింగులు మొదలుపెట్టినప్పుడు జానీ డాడ్స్, లిల్, కిడ్ ఓరీ మళ్ళీ ఆయనతో ఉన్నారు.

వినడానికి వరస అడిగారు. ముందు జెనెట్‌కి ఏప్రిల్ 6న చేసిన డిప్పర్‌మౌత్ బ్లూస్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటిసారి ఆలివర్‌ని మాత్రమే, రెండోసారి జానీ డాడ్స్‌ని మాత్రమే, మూడోసారి వుడ్‌బ్లాక్‌ని పట్టుకోండి. స్టాప్ టైమ్‌లో, అంటే మిగతా బ్యాండ్ ఆగి ఆగి కొడుతుండగా, రెండు కోరస్‌ల క్లారినెట్ సోలో వస్తుంది, తర్వాత మ్యూట్ కార్నెట్ మూడు కోరస్‌లు, ఆ తర్వాత ఒక గొంతు అరుపు వినబడుతుంది, అది బిల్ జాన్సన్, బేబీ డాడ్స్ తన బ్రేక్ మర్చిపోతే ఖాళీ పోకుండా ఆయన అరిచాడు, అది బాగుందని అలాగే ఉంచేశారు. తర్వాత ఏప్రిల్ 5 నాటి చైమ్స్ బ్లూస్, అందులో లిల్ పియానో మీద గంటలు మోగిస్తుంది, చివర్లో రెండు కోరస్‌లు ఆర్మ్‌స్ట్రాంగ్ సోలో, రికార్డు మీద ఆయన మొదటి సోలో అదే, జాగ్రత్తగా వింటే రెండు కోరస్‌లూ దాదాపు ఒకేలా ఉంటాయి, అంటే ముందే తయారుచేసుకున్నది. అప్పుడు స్నేక్ ర్యాగ్, రెండు కార్నెట్ల బ్రేకులు దీంట్లో స్పష్టంగా దొరుకుతాయి. ఆఖర్న హై సొసైటీ. డిప్పర్‌మౌత్‌నే జూన్‌లో ఓకేకి మళ్ళీ చేశారు, కుదిరితే రెండూ పక్కపక్కన పెట్టి, ఆలివర్ సోలోలో ఏం మారింది ఏం మారలేదు చూడండి. ఒక జాగ్రత్త, ఇంటర్నెట్‌లో ఉన్న కాపీల్లో కొన్ని తప్పు స్పీడులో ఎక్కించినవి, శృతి మారిపోతుంది, వేగం మారిపోతుంది, కాబట్టి ఒకే పాట రెండు మూడు చోట్ల విని సరిచూసుకోండి. డ్యూట్రీ మాత్రం వెంటనే దొరక్కపోవచ్చు, ఏ పాటలో ఎన్నో నిమిషం దగ్గర ట్రాంబోన్ తప్పిపోతోందో రాస్తే అక్కణ్ణుంచి చెప్తా.